చేప లేని చేపల హక్కు

ఒక జాతికి హక్కు నొసగి, ఆ హక్కు ననుభవించుటకు వలసిన వస్తువును నాశనము చేసినచో నా హక్కునకు మిగులు విలువ యేమి? చెఱువు నెండగట్టి, అందలి చేపలు నీవే యని దానపత్రము వ్రాసి యిచ్చినవాని యౌదార్యమును లోకము మెచ్చునా? అమెరికా సంయుక్తరాష్ట్రముల వాయవ్యకోణమున, వాషింగ్టను రాష్ట్రములో, ఎల్వా యను నదీతీరమున నివసించు క్లాలం తెగవారు ఈ ప్రశ్నను తరతరములుగా నడిగిరి. ఇతరు లెవ్వరును సరియైన సమాధానము చెప్పకపోగా, తుదకు తామే నదిలో దిగి, కొలిచి, లెక్కించి, ఆ సమాధానమును నీటినుండి వెలికిదీసిరి. వారి చరిత్ర మన చదువరు లెఱుంగదగినది.

ఎల్వా పెద్దనది కాదు. ఒలింపిక్ పర్వతముల మంచునుండి పుట్టి, ఉత్తరముగా 45 మైళ్లు పాఱి, హువాన్ డి ఫూకా జలసంధిలో గలియును. దాని పరీవాహకప్రదేశములో నధికభాగము ఒలింపిక్ జాతీయోద్యానవనములో నున్నది. ఈ చిన్ననది యొకప్పుడు సాల్మను చేపలకు ప్రసిద్ధి కెక్కినది. మన గోదావరీతీరవాసులకు పులస యెట్లో క్లాలంవారికి సాల్మను అట్లు. కాదు, అంతకంటె నెక్కువ. పులస మనకు ఋతువున కొకమాఱు వచ్చు విందు. సాల్మను వారికి ఏడాది పొడుగునకు చాలు నాహారము, వర్తకము, వ్రతము, వంశకథ. పులసవలెనే సాల్మనును సముద్రమునుండి ప్రవాహమున కెదురీది గ్రుడ్లు పెట్టుటకు నదిలో బ్రవేశించును. అది నదిలో బుట్టి, కడలికిబోయి పెరిగి, పుట్టినయేటికే మరలివచ్చును. పసిఫికు సముద్రపు సాల్మనులు గ్రుడ్లు పెట్టినపిదప మరణించును. ఆ కళేబరములు ఎలుగుబంట్లకును, పక్షులకును, నీటిపురుగులకును, తీరమునందలి వృక్షములకును ఆహారమగును. కావున సాల్మను మరలివచ్చుట యనగా సముద్రము తన సారమును కొండలకు పంపుటయే.

1855 వ సంవత్సరము జనవరి నెలలో పాయింట్ నో పాయింట్ అను చోట క్లాలం మొదలగు తెగలతో గవర్నరు ఐజాక్ స్టీవెన్సు సంధి గావించెను. ఆ సంధిచే తెగలవారు తమ విశాలభూములను సంయుక్తరాష్ట్రముల కప్పగించిరి. కాని యొక్కటి మాత్రము విడువలేదు. తాము అనాదిగా చేపలు పట్టు తావులలో, ఇతర పౌరులతోపాటు, చేపలు పట్టుకొను హక్కును నిలుపుకొనిరి. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను. అది ప్రభుత్వము వారికిచ్చిన భిక్ష కాదు; భూమి నంతను ధారవోయుచు వారు తమకొఱకు దాచుకొన్న ధనము.

సంధి జరిగి 60 సంవత్సరములైనను నిండకమునుపే ఆ ధనమునకు తాళము పడినది. విద్యుచ్ఛక్తి కొఱకు 1910 లో నదీముఖమునకు అయిదుమైళ్ల యెగువను ఎల్వా ఆనకట్ట నిర్మాణ మారంభమయ్యెను. 1912 అక్టోబరులో దాని యడుగుభాగము తెగి, దిగువనున్న క్లాలం కుటుంబముల యిండ్లపై వఱద విఱుచుకొని పడినది. కట్ట మరల కట్టబడి 1913 లో పూర్తి యయ్యెను. 1927 లో మఱి యెనిమిదిమైళ్ల యెగువను గ్లైన్సు కాన్యన్ ఆనకట్ట లేచినది. మొదటిది 108 అడుగుల యెత్తు, రెండవది 210 అడుగులు. రెంటికిని చేపలు పైకెక్కు మార్గము లేదు. చేపలు సంచరించు ప్రవాహముపై కట్ట కట్టువాడు వానికి దారి విడువవలెనని ఆ రాష్ట్రమున 1890 నుండియే శాసన మున్నది. శాసనమును పాటింపుడని నిర్బంధించుటకు మాఱుగా, ప్రభుత్వాధికారులు దారికి బదులు కృత్రిమముగా చేపపిల్లలను పొదిగించు కేంద్రమును పెట్టిన చాలునని సమాధానపడిరి. 1922 నాటికి ఆ కేంద్రమును మూతపడినది. శాసనము పుస్తకములో నిలిచెను. కట్ట నదిలో నిలిచెను.

చేపలకు 70 మైళ్లకు పైబడిన నదియు, ఉపనదులును మూసుకొనిపోయి, కట్టదిగువ అయిదు మైళ్లు మాత్రమే మిగిలినవి. కట్టలకు పూర్వము ఏటేట నాలుగులక్షల చేపలవఱకు నదిలోనికి వచ్చుచుండెడివని శాస్త్రజ్ఞుల యంచనా. తరువాతికాలమున అవి కొలదివేలకు దిగజాఱినవి. చేపయే కాదు, భూమియు వారికి లేకపోయెను. 1936-37 ప్రాంతమున ప్రభుత్వము కొంతభూమిని కొని యచ్చట కొన్ని కుటుంబములను నిలిపినది. అది అధికారముగా ఆ తెగకు ప్రత్యేకభూమి యనిపించుకొనుటకు 1968 వఱకు నాగవలసివచ్చినది.

ఇట్లు చేపలు తఱుగగా, తఱుగుటకు కారణము ఆదిమజాతుల వలలే యన్న నింద బయలుదేఱెను. సంధిహక్కు ననుసరించి వలవైచినవారిని వాషింగ్టను రాష్ట్రాధికారులు పట్టి చెఱసాలలో బెట్టుచుండిరి. నిస్క్వాలీ తెగకు చెందిన బిల్లీ ఫ్రాంకు అను నాతడు 1945 లో పదునాలుగేండ్ల ప్రాయమున మొదటిసారి నిర్బంధింపబడెను. ఆ పిమ్మట ఏబదిమార్లకు పైగా ఆ గౌరవమును పొందెను. 1960 దశకమున నా తెగలవారు నిషేధమును ధిక్కరించి బహిరంగముగా చేపలుపట్టి చెఱసాలల కేగిరి. ఉప్పు వండి కారాగారముల నింపినవారి సంతతికి ఈ పద్ధతి క్రొత్తగా వివరింపనక్కఱలేదు.

1974 ఫిబ్రవరిలో ఫెడరలు న్యాయాధిపతి జార్జి బోల్టు చరిత్రాత్మకమైన తీర్పు చెప్పెను. సంధిలోని మాటలు వట్టివి కావనియు, పట్టదగిన చేపలలో సగము సంధి తెగల భాగమనియు నాయన నిర్ణయించెను. 1979 లో అత్యున్నతన్యాయస్థానము ఆ తీర్పును స్థిరపఱచినది. తెగలు రాష్ట్రప్రభుత్వముతో సమానముగా చేపల పరిపాలనలో భాగస్వాములైనవి. ఆ 1974 లోనే వాయవ్య ఇండియను మత్స్యసంఘము స్థాపింపబడెను. నేడందు ఇరువది తెగలు చేరియున్నవి. బిల్లీ ఫ్రాంకు దానికి చిరకాలము అధ్యక్షుడై యుండి 2014 లో మరణించెను.

కాని ఎల్వాతీరమున నీ విజయమునకు అర్థమేమి? సగము మీ దనిరి. దేనిలో సగము? సున్నలో సగము సున్నయే గదా! అక్కడనే క్లాలంవారు ఒక గొప్పసత్యమును గ్రహించిరి. హక్కు న్యాయస్థానమున నిలువవచ్చును. చేప మాత్రము నీటిలోనే నిలువవలెను. ఆ నీరు చల్లగా నుండవలెను, అడుగున గులకరాళ్లుండవలెను, పిల్లలు దాగుటకు పాయలుండవలెను. న్యాయవాది చేయలేని పని యిది. దీనికి నదిని చదువ గలవారు కావలెను. తెగ తన సొంత మత్స్యశాఖను నెలకొల్పి, జీవశాస్త్రజ్ఞులను నియమించి, ప్రభుత్వశాస్త్రజ్ఞులతో గలసి, నదిని చదువుట కారంభించినది.

వారు చదివిన దేమి? సాల్మను తోకతో గులకరాళ్లను త్రవ్వి గుంటచేసి, యందు గ్రుడ్లు విడిచి, మరల రాళ్లతో గప్పును. రాళ్లసందుల నీరు పాఱినగాని గ్రుడ్లకు ప్రాణవాయువు దొరకదు. కట్టలు గులకరాళ్లను, ఇసుకను ఎగువనే పట్టుకొనగా, దిగువను ప్రవాహము ఉన్న చిన్నరాళ్లను కడలికి ఈడ్చుకొనిపోయి, చేప కదల్పజాలని పెద్దబండలను మాత్రమే మిగిల్చినది. కొండలనుండి కొట్టుకొనివచ్చు మహావృక్షముల దుంగలు నదిలో చిక్కుకొని మడుగులను, నీడలను, పాయలను కల్పించును. ఆ దుంగలును ఎగువనే యాగిపోయినవి. జలాశయములలో నెండకు కాగిన నీరు వేసవి చివర దిగువకు వచ్చుటచే చేపలకు రోగములు హెచ్చినవి. ఇసుక రాకపోవుటచే నదీముఖమునకు తూర్పుతీరము కోసుకొనిపోయి, తెగవారి యాలిచిప్పలు దొరకు ఇసుకతిన్నెలు రాళ్లకుప్పలైనవి. వృద్ధులు కంటితో జూచి చెప్పిన మాటయే యిది. అయినను వృద్ధుల జ్ఞాపకమును అధికారులు కథ యందురు. కొలతను మాత్రము త్రోసివేయలేరు. తెగవారు తమ జ్ఞాపకమునకు కొలతను తోడుగా నిలిపిరి.

1980 దశకమున ఆ కట్టల అనుమతిపత్రముల విషయము విచారణకు రాగా, తెగ అందు ప్రవేశించి కట్టలను తొలగింపవలెనని కోరినది. అనేకులు నవ్విరి. విద్యుత్తుమాట యేమనిరి. ఆ రెండుకట్టల విద్యుత్తు అప్పటికి ఒకేయొక కాగితపుమిల్లు అవసరములో సగమునైనను తీర్చుటలేదు. 1992 లో అమెరికను కాంగ్రెసు ఎల్వానది పునరుద్ధరణ శాసనమును గావించెను. 2000 లో ప్రభుత్వము కట్టలను కొనెను. 2011 సెప్టెంబరు 17 వ తేదీన పడగొట్టుట మొదలయ్యెను. దిగువకట్ట 2012 లో మాయమయ్యెను. 2014 ఆగస్టులో ఎగువకట్ట తుదిముక్క పేల్చివేయబడెను. పథకమంతటికిని సుమారు 32 కోట్ల 50 లక్షల డాలర్లు వ్యయమైనవి. అప్పటికి లోకమున నింతటి కట్టలను తొలగించిన పథకము వేఱొకటి లేదు.

కట్ట పడగొట్టుట కంటె కట్టవెనుక పేరుకొన్న మేటను విడుచుట కష్టము. రెండు జలాశయములలో రెండుకోట్ల ఘనపుమీటర్లకు పైబడిన ఒండ్రు, ఇసుక, గులక నిలిచియుండెను. ఒక్కపెట్టున విడిచినచో ఉన్న కొద్దిపాటి చేపలును బురదలో ఊపిరాడక చచ్చును. అందుచే శాస్త్రజ్ఞుల సలహాపై కట్టను అంచెలంచెలుగా కోసి, చేపలు వచ్చు నెలలలో పని నిలిపిరి. మొదటి అయిదేండ్లలో రమారమి రెండుకోట్ల టన్నుల మేట దిగువకు కదలెను. అందు నూటికి తొంబదిపాళ్లు సముద్రమును చేరెను. నీరు కొంతకాలము మడ్డియై తీరపు సముద్రనాచు సన్నగిల్లినమాట నిజమే. మడ్డి తేఱినపిదప నది మరల పెరుగసాగినది. నదీముఖమున తీరము వందలాది గజములు ముందునకు జరిగి, క్రొత్త ఇసుకతిన్నెలు, మడుగులు, ఉప్పుకయ్యలు ఏర్పడినవి. కోసుకొనిపోవు తీరము నిలద్రొక్కుకొన్నది. పర్వతము పంపిన మట్టిని కడలికి చేర్చుట నదియొక్క స్వధర్మము. నూఱేండ్ల తరువాత ఎల్వా తన ధర్మమును మరల నెఱవేర్చినది.

ఇంకొక వింత జరిగినది. తమజాతి పుట్టుకచోటు నదియొడ్డున బుట్టలవంటి గుంటలుగల యొక శిలవద్ద నున్నదని క్లాలం వృద్ధులు తరతరములుగా చెప్పుచుండిరి. కట్ట కట్టినపిదప పుట్టినవారెవ్వరును దానిని చూడలేదు. 2012 లో జలాశయమెండగా ఆ శిల బయల్పడెను. తెగవారు వెళ్లి చూచి తాకివచ్చిరి. తాతలమాట కథ కాదని నీరు తొలగి సాక్ష్యము చెప్పినది.

కట్టలు పోయిన మఱునాడే చేపలు నిండలేదు. ఇందు క్లాలంవారి గొప్పతనము బోల్టు తీర్పు కంటె స్పష్టముగా కనబడును. నదిలో చేపలు మరల నాటుకొనువఱకు చేపలు పట్టరాదని 2011 లో రాష్ట్రముతోను, ఉద్యానవనాధికారులతోను గలసి వారు నిశ్చయించుకొనిరి. ఏ హక్కుకొఱకు నూఱేండ్లు పోరాడిరో ఆ హక్కును తామే నదియడుగున బెట్టి కాపాడిరి. 2023 అక్టోబరులో గాని, సంప్రదాయక్రియలకును, ఇంటి యాహారమునకును మాత్రమే కొలదిగా కోహోజాతి సాల్మనులను పట్టుటకు పూనుకొనలేదు. పండ్రెండేండ్లు! ఆ నడుమ చిన్నపిల్లలు పెద్దవారైరి. నదిపై తొలివల చూడకయే కొందఱు వృద్ధులు వెళ్లిపోయిరి.

ఆ పండ్రెండేండ్లును వారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. దిగువనదిలో పెద్దదుంగలను పేర్చి పాతి మడుగులను కల్పించుపని కట్టలు తొలగకముందే మొదలిడిరి. బయటపడిన జలాశయపునేలపై ఉద్యానవనమువారితో గలసి మూడులక్షలకు పైగా మొక్కలు నాటిరి. ధ్వనితరంగముల యంత్రమును నీటిలో నుంచి మడ్డినీటిలోను ఎదురీదు చేపలను లెక్కించిరి. కడలికి దిగు పిల్లలను బోనులలో పట్టి, కొలిచి, విడిచిరి. నీటికాకులవలె మునకలువేయుచు నదీగర్భమును మైళ్లకొలది పరిశీలించిరి.

ఈ పరిశోధనలలో తేలిన విషయములు కొన్ని ఆశ్చర్యకరములు. స్టీల్‌హెడ్ అను చేప సముద్రమునకు పోయివచ్చును. అదే జాతి నదిలోనే నిలిచినచో దానిని రెయిన్‌బో ట్రౌట్ అందురు. ఎగువకట్టకు పైన నూఱేండ్లు బందీలైన ట్రౌటుల సంతతి కడలిదారిని పూర్తిగా మఱచిపోయినదని తలచుట సహజము. కాని దారి తెఱచినంతనే వానిలోనుండి వేసవి స్టీల్‌హెడ్ మరల తలయెత్తి వందలకొలది నదికి రాసాగినది. తరములు గడచినను రక్తమునందు సముద్రము మిగిలియున్నది! ఏటియొడ్డు రాళ్లపై గంతులిడు డిప్పరు అను చిన్నపక్షిని పరీక్షింపగా, సాల్మను చేరుచోట్ల నున్న పక్షుల దేహములలో సముద్రపు సారము కనబడినది. అవి ఇతరములకంటె పుష్టిగా నున్నవి.

విజయమును మించిచెప్పుట సత్యమునకు ద్రోహము. గ్లైన్సు కాన్యన్‌లో కూలిపడిన బండలు చేపల దారి నడ్డగింపగా, వానిని పేల్చి త్రోవచేయుట 2016 వఱకు సాగినది. తిరిగివచ్చు చినూక్ సాల్మనులలో పెక్కు పొదిగింపు కేంద్రములలో పుట్టినవే; నదిలో స్వయముగా పుట్టినవి వానిని మించు దినము రావలసియున్నది. నూఱేండ్ల గాయము పదేండ్లలో మానదు. అందుచేతనే తెగవారు లెక్కించుట మానలేదు.

ఎల్వాతీరమున తేలిన సత్యము న్యాయస్థానములకును చేరినది. వాషింగ్టను రాష్ట్రపు రోడ్లక్రింది తూములు అనేకము చేపలు దాటుటకు వీలుకాని తీరున నున్నవి. చేపకు దారి మూసి చేపలహక్కు నిచ్చితిమనుట చెల్లదని తెగలు 2001 లో వ్యాజ్యము తెచ్చినవి. 2007 లో తీర్పు తెగల కనుకూలమయ్యెను. తూములను సరిచేయవలెనని 2013 లో ఉత్తరు వయ్యెను. 2018 జూనులో అత్యున్నతన్యాయస్థానమున న్యాయమూర్తులు సరిసమానముగా చీలగా క్రింది తీర్పే నిలిచినది. ఏ తూము ఎంత నివాసమును మూసివేసినదో ఊహతో గాక కొలతతో చూపగలుగుటయే తెగల బలము.

ఇందు మనకు గ్రహింపదగిన దేమి? కట్టలన్నియు కూల్చుడని మేము చెప్పుట లేదు. 1852 లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్ట గోదావరిమండలమునకు అన్నము పెట్టినది. ఎల్వా కట్టల కొద్దిపాటి విద్యుత్తును దానితో పోల్చుట తగదు. ఆ కట్ట పులసదారికి అడ్డుపడినదనుటయు అంతే నిజము. పాపికొండలనడుమ గోదావరినే నమ్ముకొని బ్రతికిన కోయలు, కొండరెడ్లు మనవారే; పోలవరపు ముంపుగ్రామములు వారివే. లాభమును టన్నులలో కొలుచు మనము వారి నష్టమును దేనితో కొలుచుచున్నాము? ఎవరిచేత కొలిపించుచున్నాము? 2006 నాటి అటవీహక్కుల శాసనము అడవిజాతులకు భూమియే గాక, జలాశయములలోని చేపలపై సామూహికహక్కును గుర్తించినది. ఇదియు నొక సంధిపత్రమువంటిదే. ఏ యేట, ఏ మడుగున, ఏ చేప, ఎన్ని దినములు నిలుచునో తెలియక, ఆ నీటిని కాపాడు శక్తి వారి చేతికి రాక, ఆ హక్కు కాగితమున నుండి ఏమి లాభము? నదిలో మడుగుల పేర్లు, చేపల రాకపోకలు, వఱదల గుర్తులు మన కోయపెద్దల నోళ్లలో నేటికిని కలవు. వారి పిల్లలకు చదువు చెప్పించి, కొలత నేర్పి, పెద్దల జ్ఞాపకమునకు ఆ కొలతను జోడించువారు కావలెను. శాస్త్రజ్ఞుడు పట్టణమునుండి వచ్చి చూచిపోవు అతిథిగా గాక, నది యొడ్డువారి యింటిబిడ్డయే యైననాడు ఆ శాస్త్రము వారికి ఆయుధమగును.

2023 అక్టోబరులో ఎల్వాలో వలవైచిన క్లాలంవాడు పట్టినది ఒక చేపయే. ఆ చేప వెనుక 1855 నాటి మాట యున్నది, చెఱసాల కేగిన తెగల ధైర్య మున్నది, నదీగర్భమున మునిగి లెక్కించినవారి యోర్పు ఉన్నది, పండ్రెండేండ్ల ఉపవాస మున్నది. ఈ నాలుగింటిలో నేది లోపించినను ఆ వల వట్టిదై పైకివచ్చెడిది.